మజిల్ లోడర్‌కి ముందుగా కొనాల్సింది కడ్డీ

మూతిలోంచి మందూ గుండూ కూరే తుపాకినే మజిల్ లోడర్ అంటారు. దానికని ఆన్‌లైన్‌లో మజిల్ లోడింగ్ కిట్ అని ఒక పెట్టె అమ్ముతారు. మూత తీస్తే ఇత్తడి తళతళలాడుతూ ఉంటుంది. అందులో సగం వస్తువులు మనం ఎప్పటికీ వాడం. అన్నిటికంటే ముఖ్యమైనది, మందూ గుండూ కూరే కడ్డీ, ఆ పెట్టెలో పట్టదు కాబట్టి, దాన్ని మూడు ముక్కలు చేసి మరలతో బిగించుకొమ్మని ఇస్తారు. నన్నడిగితే ఆ కిట్‌లో అన్నిటికంటే ముందు వద్దనాల్సిన వస్తువు అదే.

నాది చిత్తూరులో తుపాకుల రిపేరు పని. షాపుకీ లైసెన్సు ఉంది, లైసెన్సు పుస్తకం చూపించనిదే తుపాకి ముట్టను. పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం వైపు నుంచి పంట కాపలా లైసెన్సు ఉన్న రైతులు వస్తుంటారు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు మజిల్ లోడింగ్ తుపాకి అని విడిగా రాసే ఉంది, ఆ కాగితం మీద తీసుకున్నవే ఇవన్నీ. చెనక్కాయ చేనును అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నేస్తాయి, కౌండిన్య అడవి అంచునైతే ఏనుగులు. అయితే తుపాకి లైసెన్సు ఉందని జంతువును కాల్చే హక్కు వచ్చేసినట్టు కాదు. అది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, అటవీశాఖ అనుమతి లేకుండా పంది మీద కూడా కాల్చకూడదు. లైసెన్సు లేని నాటు తుపాకి గురించి నేను మాట్లాడను.

ఈ మధ్య అమెరికాలో ఒహాయోలో ఉండే మేనల్లుడు పాయింట్ 50 రైఫిల్ (బ్యారల్ లోపలి వెడల్పు, అంటే బోరు, అర అంగుళం) ఒకటి కొన్నాడు. అక్కడ జింకల వేటకి మజిల్ లోడర్లకని వేరే సీజనే ఉంటుంది. “మామా, కిట్ ఏది కొనమంటావు?” అని వీడియో కాల్ చేశాడు. వాడికి చెప్పినవీ, ఇక్కడి రైతులకు రోజూ చెప్పేవీ కలిపి రాస్తున్నా. రెండింటికీ తేడా ఉంది. మన రైతుల తుపాకులు దాదాపు అన్నీ నున్న బ్యారల్‌వి, వాడిది లోపల మెలికల గాడులున్న రైఫిల్. ఆ తేడా తెలియకుండా సామాన్లు కొంటే డబ్బు దండగ.

కడ్డీ

కడ్డీ పొడవు బ్యారల్ లోతు కంటే ఎక్కువ ఉండాలి. మందూ గుండూ కూరాక కూడా మూతి పైకి కనీసం జానెడు మిగిలితేనే చేతికి పట్టు దొరుకుతుంది. తుపాకి కింద గాడిలో పెట్టుకునే కడ్డీకి ఆ పొడవు ఉండదు, అది అడవిలో అవసరానికి పనికొచ్చేది. ఇంట్లో కడగడానికి, రేంజ్‌లో కాల్చడానికి పొడవాటిది ఇంకొకటి పెట్టుకోవాలి.

చెక్కదైతే మొదట నార చూడాలి. కడ్డీని వెలుగులోకి పట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి. నార గీతలు కడ్డీ వెంట నేరుగా పోవాలి. మధ్యలో ఎక్కడైనా గీత పక్కకు జారి అంచులో కలిసిపోతే, విరిగేది అక్కడే. అలా విరిగిన చెక్క అడ్డంగా తెగదు, ఏటవాలుగా చీలి ఈటె మొనలాగా తయారవుతుంది. ఆ సమయానికి మన చెయ్యి పూర్తి బలంతో కిందికి వస్తుంటుంది. అరచేయి చీరుకుపోయిన రైతులు నా షాపుకి వచ్చారు. అమెరికాలో హికరీ అనే చెక్క వాడతారు, మనకి ఏ చెక్క అయినా సరే, నార నేరుగా ఉండి బాగా ఆరినదైతే చాలు.

అల్యూమినియం కడ్డీ చవక, తేలిక. మెత్తటి లోహం కాబట్టి ఇసుక రేణువులు దానిలోకి దిగబడతాయి, అప్పుడది ఆకురాయిలా బ్యారల్ మూతిని అరగదీస్తుంది. ఫైబర్‌గ్లాస్‌దీ అదే గొడవ. ఇత్తడిది బ్యారల్‌ని గీరదు, కానీ బరువు, వంగితే మళ్ళీ నేరుగా రాదు. స్టీలు కడ్డీ గట్టిది, దానికి మూతిలో కూర్చునే ఇత్తడి గైడ్ తప్పకుండా ఉండాలి. గైడ్ లేని స్టీలు కడ్డీ రైఫిల్‌లో వాడితే గాడులు మూతి దగ్గరే అరిగిపోతాయి, గుండు చివర్లో వదిలేది అక్కడే కాబట్టి గురి పోతుంది. మేనల్లుడికి గైడ్‌తో స్టీలు కడ్డీ చెప్పాను. రైతులకి మంచి చెక్క, లేదంటే వంగినా విరగని గట్టి నైలాన్ రకం చెబుతాను.

కడ్డీ కొసన ఇత్తడి తొడుగు ఉంటుంది, దాని మరలోనే మిగతా పనిముట్లన్నీ బిగిస్తాం. కొనేముందు ఆ తొడుగుని బాగా చూడండి. జిగురుతో మాత్రమే అతికించి ఉంటే వద్దు. తొడుగుకి అడ్డంగా రంధ్రం వేసి, చెక్క గుండా సన్నటి పిన్ను దింపి, రెండు వైపులా సమం చేసి ఉండాలి. వేలితో తడిమితే చిన్న చుక్క తగులుతుంది. అది లేకపోతే ఏదో ఒకరోజు గుడ్డ లాగేటప్పుడు తొడుగు లోపలే ఉండిపోతుంది, వట్టి కర్ర బయటికొస్తుంది. మర కొలత కూడా అడగాలి. అమెరికా సామాన్లలో 8-32, 10-32 అని రెండు కొలతలు ఎక్కువ. కడ్డీది ఒకటీ జాగ్‌ది (గుడ్డ చుట్టుకునే కొస) ఇంకొకటీ అయితే మొదటి రెండు చుట్లు పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే ఊడిపోతుంది.

బైరెడ్డిపల్లె పెద్దాయన ఒకాయన మధ్యలో బట్ట చుట్టి, తీగ బిగించిన కడ్డీ పట్టుకొచ్చి, “ఏమప్పా, ఇంకో రెండేండ్లు రాదా ఇది?” అని అడిగాడు. “రాదు తాతా, పొయ్యిలోకి బాగా వస్తుంది” అన్నాను. అతుకేసిన కడ్డీ వాడకూడదు, అంతే.

రెండు గీతలు

కడ్డీ కొన్నాక చెయ్యాల్సిన మొదటి పని దాని మీద గీతలు పెట్టడం. నిపుల్ (బ్యారల్ అడుగున మందుకి నిప్పు చేర్చే సన్న గొట్టం) మీద క్యాప్ (దెబ్బకి పేలే చిన్న టోపీ) లేదని చూసి, బ్యారల్ ఖాళీ అని ఖాయం చేసుకొని, కడ్డీని అడుగు తగిలేదాకా దించండి. మూతి అంచు దగ్గర బ్లేడుతో సన్నగా గీత పెట్టండి. ఇది ఖాళీ గీత. తర్వాత మీరు ఎప్పుడూ వాడే కొలతతో మందు, గుండు కూరి, కడ్డీ గుండు మీద ఆనినప్పుడు మూతి దగ్గర ఇంకో గీత. ఇది నిండు గీత. పైపైన పెన్నుతో గీస్తే నూనె చేతికి చెరిగిపోతుంది, ఆకురాయి అంచుతో కడ్డీ చుట్టూ గాటు పెట్టి ఎర్రరంగు నింపితే టార్చి వెలుతురులో కూడా కనిపిస్తుంది.

ఇక ఆ తర్వాత కడ్డీ మాట వింటే చాలు. కూరాక నిండు గీత మూతికి సమానంగా వస్తే అంతా సరిగ్గా ఉంది. గీత మూతికి పైన నిలబడితే గుండు మందు దాకా చేరలేదన్నమాట, లేదా ఒకసారి కూరిన దాని మీద మళ్ళీ కూరారన్నమాట. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే బ్యారల్ ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది. గీత లోపలికి మునిగిపోతే మందు తక్కువ పడింది, లేదా అసలు పడలేదు.

ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. కోడ్ అయ్యాక అవి ఇంటికి పోతూ పోతూ నా బల్ల మీదికొస్తాయి. అలాగే వి.కోట వైపు రైతు ఒకాయన తెచ్చాడు. “ఖాళీదే సామీ, ఊరికే తుడిచీ” అన్నాడు. నేను ఎవరి మాటా వినను, ముందు కడ్డీ దించుతాను. అడుగున ఖంగుమని ఇనుము మోగలేదు, ధబ్బుమని మెత్తగా ఆగింది. అక్కడ బొటనవేలు ఆనించి కడ్డీ బయటికి తీసి బ్యారల్ పక్కన పెట్టి చూపించాను, కొస నిపుల్ దాకా రాకుండా నాలుగు వేళ్ళ ముందే ఆగిపోయింది. ఆయన మొహం పాలిపోయింది. “మావోడు కూరి పెట్టుంటాడు సామీ, నాకు చెప్పలేదు” అన్నాడు. అన్ని నెలలూ ఆ తుపాకి అలాగే నిండుగా ఉంది. చేతికొచ్చిన ఏ తుపాకికైనా, మీదే అయినా, ముందు కడ్డీ దించి చూడడం అలవాటు చేసుకోండి.

కూరేటప్పుడు పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. కడ్డీని పై కొసన పట్టి ఒక్క తోపుతో దించాలని చూడొద్దు, విల్లులా వంగి విరుగుతుంది. మూతికి జానెడు పైన పట్టుకొని, కొద్దికొద్దిగా దించుతూ చెయ్యి పైకి మార్చుకుంటూ పోవాలి. అరచేతిని కడ్డీ కొస మీద ఆనించకూడదు, వేళ్ళతో పక్కనుంచి పట్టాలి. మొహం, ఛాతీ మూతికి ఎదురుగా ఉండకూడదు. గుండు మందు మీద ఆనాక గట్టిగా ఒత్తితే చాలు. కడ్డీని పైనుంచి వదిలి అది ఎగిరేదాకా కొట్టే పాత పద్ధతి ఒకటుంది, దాంతో సీసపు గుండు చదునైపోతుంది, మందు నలిగి పొడి అవుతుంది, ఒక్కో దెబ్బకి ఒక్కో రకంగా పేలుతుంది.

కొలపాత్ర

బ్లాక్ పౌడర్‌ని, అంటే ఈ తుపాకుల్లో పోసే నల్లమందుని, బరువు తూచరు, పాత్రతో కొలుస్తారు. పాత్ర మీద అంకెలు గ్రెయిన్లలో ఉంటాయి, ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. లోపలి గొట్టం జరిపి మర బిగించే ఇత్తడి పాత్ర ఒకటి చాలు. మర వదులైతే వాడుతుండగానే కొలత జారిపోతుంది, కొనేటప్పుడు బిగించి లాగి చూడండి. ఇనుముది వద్దు, నిప్పురవ్వ పుట్టని లోహమే కావాలి.

టానిక్ సీసా మూతతో కొలిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మూత తప్పని నేను అనను, ఎప్పుడూ అదే మూత అయితే కొలత కొలతే. చిక్కెక్కడంటే ఆ మూత పోయిన రోజున ఇంకో మూత వస్తుంది. ఇంకో విషయం, పాత్రకి మందు రకం తెలియదు. సీసా మీద ఒక ఎఫ్ నుంచి నాలుగు ఎఫ్‌ల దాకా ఉంటుంది, ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నం, సన్నమయ్యేకొద్దీ వేగంగా కాలుతుంది. రెండు ఎఫ్‌ల మందుకి పెట్టుకున్న కొలతలో మూడు ఎఫ్‌లది పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు ఎఫ్‌లది చెకుముకి తుపాకి పళ్ళెంలోకే. ఎంత పొయ్యాలో నేను చెప్పను, తుపాకి తయారుచేసినవాళ్ళ కాగితంలో చూడండి, అది లేకపోతే తుపాకి చూపించి అడగండి. పక్కింటాయన కొలత మీ తుపాకికి పనికిరాదు. తూటాల్లోని పొగరాని మందు ఒక్క చిటికెడు కూడా వద్దు. ఈ బ్యారల్ ఆ ఒత్తిడికి తట్టుకోదు.

మందు డబ్బాలోంచి నేరుగా బ్యారల్‌లోకి ఒంపకండి. వెనకటి దెబ్బ నిప్పు కణిక లోపల మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. డబ్బాలోంచి పాత్రలోకి, డబ్బా మూత బిగించి పక్కన పెట్టి, అప్పుడు పాత్రలోంచి బ్యారల్‌లోకి. మందూ క్యాపులూ లైసెన్సు మీద, లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనాలని వేరే చెప్పక్కర్లేదు.

షార్ట్ స్టార్టర్, గుడ్డ

షార్ట్ స్టార్టర్ అంటే గుండ్రటి చెక్క పిడికి రెండు పొట్టి పుల్లలున్న పనిముట్టు. రైఫిల్‌వాళ్ళకి ఇది తప్పదు. పాయింట్ 50 బోరుకి సాధారణంగా పాయింట్ 490 గుండు వేస్తారు, దాని చుట్టూ పాయింట్ 015 అంగుళం మందం గుడ్డ. గుడ్డ రెండు వైపులా కలిపితే పాయింట్ 520 అయింది, బోరు కంటే లావు. గుడ్డ నలిగి గాడుల్లోకి దిగాలి కాబట్టి మొదట్లో బిగువు ఉంటుంది. చిన్న పుల్లతో గుండుని మూతిలోకి దించి, పెద్ద పుల్లతో ఐదారు అంగుళాలు తోసి, అక్కణ్ణుంచి కడ్డీ అందుకోవాలి. పుల్ల కొస గుండు ఆకారానికి గుంటగా ఉండాలి, చదునుగా ఉంటే సీసం మీద నొక్కు పడుతుంది. పిడి చేతినిండా రావాలి. మీ అరచేతికి చిన్నదనిపిస్తే పదో గుండుకి బొబ్బ లేస్తుంది.

నున్న బ్యారల్‌వాళ్ళు ఇది కొనక్కర్లేదు. వదులుగా జారే గుండుకి స్టార్టర్ ఎందుకు? 1853 నాటి ఎన్‌ఫీల్డ్ సిపాయిలకు కూడా దీని అవసరం రాలేదు. అది రైఫిలే అయినా బుల్లెట్ బోరు కంటే సన్నగా చేశారు, పేలినప్పుడు దాని డొల్ల అడుగు విచ్చుకొని గాడుల్ని పట్టుకుంటుంది.

గుడ్డ మాత్రం నూలుదే కావాలి. పాలిస్టర్ కలిస్తే లోపల కరిగి అంటుకుంటుంది. దారం ఒకటి పీకి అగ్గిపుల్లతో అంటించండి, బూడిదైతే నూలు, ముద్దకట్టి నల్లపూసైతే పాలిస్టర్. నేత గట్టిగా ఉన్న తెల్ల గాడాగుడ్డ కొని, గంజి పోయేదాకా ఉతికి, ఆరేసి, వెర్నియర్‌తో మందం చూసి మేనల్లుడికి ఒక మీటరు పంపించాను. “ఇక్కడ వాల్‌మార్ట్‌లో దొరుకుతుంది మామా” అన్నాడు. దొరకనీ. గుడ్డకి పూతగా తేనెమైనంలో ఆముదం కలిపినది వేస్తాను. ఇంజిన్ ఆయిల్, గ్రీజు రాస్తే మందు మసితో కలిసి తారులా గట్టిపడుతుంది.

నున్న బ్యారల్‌లో వాడ్‌గా, అంటే మందునీ గుండునీ కదలకుండా పట్టే అడ్డుగా, కొబ్బరి పీచు కూరడం మనవైపు అలవాటు. అది రాజుకుంటూ బయటపడుతుంది. ఎండాకాలం, ఎండుగడ్డి పక్కన అలా పేల్చితే మీ చేనే కాలుతుంది. ఫెల్ట్ వాడ్ గానీ దళసరి అట్ట బిళ్ళ గానీ వాడండి. ఉత్త మందు పేల్చినా వాడ్ దగ్గర్లో ఉన్నవాణ్ణి గాయపరుస్తుంది.

నిపుల్ దగ్గర

నిపుల్ తిప్పడానికి దానికి సరిపడే పానా కావాలి. కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే చదునులు గుండ్రమైపోతాయి, ఇక అది ఊడదు. నా దగ్గరికొచ్చే నిపుళ్ళలో ఎక్కువ ఇలా చెడినవే. ఇక్కడి తుపాకుల్లో మర కొలతలు ఒకదానికొకటి కలవవు, అందుకే తుపాకి తీసుకొచ్చి చూపించాకే పానా కొనండి. బిగించేటప్పుడు మరకి కొంచెం గ్రీజు రాస్తే వచ్చే ఏడాది ఊడదీయడానికి వీలవుతుంది.

సన్నటి ఇత్తడి తీగ ఒకటి జేబులో ఉండాలి, నిపుల్ రంధ్రం శుభ్రానికి. మందు కూరకముందు ఖాళీ తుపాకికి క్యాప్ పెట్టి, మూతిని నేలమీదున్న గడ్డిపరక దగ్గర పట్టి పేల్చండి. పరక కదిలితే దారి తెరిచి ఉంది. కదలకపోతే లోపల నూనె పేరుకుంది, తీగతో పొడిచి ఇంకో క్యాప్ పేల్చండి. ఆ తర్వాతే మందు.

క్యాపర్ మంచి వస్తువు, ముఖ్యంగా చీకట్లో. క్యాపులు వరసగా పట్టి ఉంటాయి, వేళ్ళతో వెతుక్కోనక్కర్లేదు. క్యాప్ మీ నిపుల్‌కి బిగుతుగా కూర్చోవాలి, వదులుగా ఉండి జారిపోయే సైజు తీసుకోకండి. క్యాప్ పెట్టడం అన్నిటికంటే చివరి పని, మూతి సరైన దిక్కుకి తిరిగి ఉన్నప్పుడే. పేలకపోతే మూతి అదే దిక్కులో ఉంచి ఒక నిమిషం పైనే ఆగండి. ఆలస్యంగా అంటుకునే మందు ఉంటుంది.

తీసే సామాను

మందు పొయ్యడం మరిచి గుండు కూరినవాడు ప్రతి ఊళ్ళో ఉంటాడు. దానికోసమే బాల్ పుల్లర్. కడ్డీ కొసకి బిగించే మర ఇది, సీసంలోకి తిప్పి లాగాలి. చుట్టూ ఇత్తడి కాలర్ ఉన్నదే కొనండి, లేకపోతే మర పక్కకు జారి బ్యారల్ గోడని గీస్తుంది. గుడ్డ, వాడ్ తీయడానికి రెండు కొమ్ముల వార్మ్ వేరే. మందు కూడా లోపలుంటే ముందు దాన్ని తడిపేయాలి. వి.కోట ఆయన తుపాకికి నేను నిపుల్ ఊడదీసి, ఆ రంధ్రంలోంచి నీళ్ళెక్కించి, ఒక పూట అలాగే ఉంచి, తర్వాత వార్మ్‌తో పీచు, గుండ్లు ఒక్కొక్కటే లాగాను. చివర్లో నల్లటి బురద వచ్చింది. రంధ్రంలోంచి సీఓటూ గ్యాసు కొట్టి గుండుని బయటికి తోసే పనిముట్టు కూడా ఉంది, మేనల్లుడికి అది కొనమన్నాను. ఇక్కడైతే అనుభవం లేనివాళ్ళు ఇంట్లో ప్రయత్నించకుండా షాపుకి తెస్తేనే మంచిది.

జాగ్ అంటే గుడ్డ చుట్టుకునే గాట్ల ఇత్తడి కొస. బోరు కంటే కాస్త సన్నగా ఉండాలి, కొలత ఎక్కువైతే గుడ్డతో సహా ఇరుక్కుంటుంది. రెండు మూడు దెబ్బలకోసారి తడి గుడ్డ ఆడిస్తే తర్వాతి గుండు సులువుగా దిగుతుంది. కాల్చిన రోజే కడగాలి, మర్నాడంటే కుదరదు. మందు మసి గాలిలో తేమ పీల్చుకుంటుంది, అక్టోబరు, నవంబరు ముసురులో అయితే తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనపడతాయి. వేడినీళ్ళు, సబ్బు, జాగ్ చాలు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళు తిడతారు, పెరట్లో చేసుకోండి. చివర్లో సలసల కాగే నీళ్ళు పోస్తే బ్యారల్ వేడెక్కి దానంతటదే ఆరుతుంది. ఆరాక నూనె గుడ్డ ఆడించి, కడ్డీ, పుల్లర్, వార్మ్ మరల్లో ఇరుక్కున్న మసి పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. కడ్డీని గోడకి ఆనించి నిలబెట్టకండి, వంగుతుంది. రెండు మేకులు కొట్టి అడ్డంగా పడుకోబెట్టండి.